పేరు కోసం ఆగిన దోటి

ముసునూరు అవతల మామిడితోటలో కోత తెల్లారేసరికి మొదలయ్యేది. ఆడవాళ్ళు చెట్ల కింద ఎండుగడ్డి పరిచేవాళ్ళు, మగవాళ్ళు బుట్టలు సర్దేవాళ్ళు, మేస్త్రి సవరయ్య చుట్ట ముట్టించి దోటికి పని చెప్పేవాడు. కొసన కొడవలి, దాని కింద వల చిక్కం కట్టిన పొడుగాటి వెదురుగడ అది. ఎవరూ పట్టుకోనక్కర్లేదు. "దోటీ, దించు, చిన్న రసాలు" అంటే చాలు, ఆ చెట్ల దగ్గరికి తనే వెళ్ళి, సొన చుక్క అంటకుండా తొడిమలతో సహా కాయలు దించేది.

దానికి మాట వరసలో చెప్పాలి. ముందు పిలుపు, తర్వాత పని, ఆ తర్వాత పేరు. దించడం, ఊపడం, నరకడం, ఇంతే దానికి తెలిసిన పనులు. తెలియని పని చెబితే ఆ మూడూ గాల్లో చేసి చూపించి, వీటిలో ఏది అన్నట్టు నిలబడేది. పని చెప్పి పేరు చెప్పకపోతే, పేరు వినబడేదాకా నేలమీద టకటకా కొడుతూ ఉండేది. మేస్త్రి ఇంటివాళ్ళ గొంతే వినేది. ఇంట్లో ఉన్నది సవరయ్య, అతని పెళ్ళాం విజయరాణి. కూలీలకి ఇందులో వింతేం లేదు. లారీ ఎక్కేలోపు కాయ మెత్తబడకుండా ఉంటే చాలు వాళ్ళకి.

చెట్టు పేరు చెప్పాల్సిన చోట మనిషి పేరు చెప్పినా దోటి వింటుందని ఆ ఏడు సవరయ్యకి తెలిసింది. పిచ్చోడి చేతిలో రాయి అందామంటే సవరయ్యకి పిచ్చి లేదు, అదే బాధ. ఎవరైనా కాయ జారవిడిస్తే "దోటీ, ఊపు" అని ఆ మనిషి పేరు చెప్పేవాడు. దోటి నడుం పట్టి లేపి, పళ్ళు వదులయ్యేదాకా ఊపేది. ఒకరోజు నాగమణి అనే కూలీని అలాగే ఊపించాడు. ఆమె ముక్కు చితికి, పరిచిన గడ్డంతా నెత్తురైంది. దుర్మార్గుడు ఆరిపోయిన చుట్ట మళ్ళీ ముట్టించుకున్నాడు.

బుట్టలు మోస్తున్న విజయరాణి తమ్ముడు రాములు పరుగెత్తుకొచ్చి నాగమణిని కిందికి లాగాడు.

"మనుషుల మీద వద్దు బావా. ఇంకోసారి చేస్తే కోతకి ఒక్కరూ రారు" అన్నాడు.

కూలీలంతా బుట్టలు కింద పెట్టేశారు. లారీ డ్రైవరు చూస్తుండగా బావమరిది ఎదురుచెప్పడం సవరయ్యకి తలకొట్టేసినట్టయింది. చేతికందిన కావిడిబద్దతో రాములు మోకాలి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. పడ్డవాడి మెడమీద కాలు వేసి తొక్కాడు. అడ్డం వచ్చిన విజయరాణిని కడుపులో తన్నాడు.

"దోటీ, నరుకు" అన్నాడు.

దోటి వచ్చి నిలబడి, పేరు కోసం టకటకా నేల కొట్టసాగింది. సవరయ్య వెంటనే చెప్పలేదు. ముందు వాడు ఏడవాలి, కాళ్ళు పట్టుకోవాలి. రాములు నోట్లో నెత్తురు ఉమ్మాడే గానీ కాళ్ళు పట్టుకోలేదు.

పెళ్ళయిన నాటినుంచి విజయరాణి మొగుడి పేరు పలికి ఎరగదు. పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందని తల్లి చెప్పి పంపింది. రెండు రూపాయల బియ్యం కార్డు రాయడానికి వచ్చినాయన భర్త పేరు అడిగితే, పక్కింటామెని పిలిపించి చెప్పించింది. దోటి వినే రెండో గొంతు తన పేరు ఎత్తదని సవరయ్యకి ఎంత ధీమా ఉండేదంటే, పెళ్ళాం ఉన్న వైపు ఎప్పుడూ వెనుదిరిగి చూసుకునేవాడు కాదు. ఇప్పుడూ చూసుకోలేదు. రాములు పేరు చెప్పడానికి నోరు తెరిచాడు.

"సవరయ్య" అంది విజయరాణి.

గట్టిగా కూడా అనలేదు. దోటి నేల కొట్టడం ఆపి, అతనివైపు తిరిగింది. కావిడిబద్ద పట్టుకున్న కుడిచెయ్యి మోచేతి దగ్గర తెగి, రసాల మధ్య పడింది. సవరయ్య దాన్ని చూశాక గానీ అరవలేదు. విజయరాణి కొంగు చించి అతని చేతికి కట్టు కట్టింది. ఆ లారీలోనే మొగుణ్ణీ తమ్ముణ్ణీ నూజివీడు ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

మరుసటి ఏడు నుంచి దోటికి ఆమే పని చెబుతోంది. సవరయ్య ఎడం చేత్తో గడ్డి పరుస్తాడు. మధ్యాహ్నం అన్నాల వేళ విజయరాణి అందరి ముందూ అతన్ని పేరు పెట్టి పిలుస్తుంది. పిలిచిన ప్రతిసారీ అతను చేస్తున్న పని వదిలేసి, దోటి ఎక్కడుందో చూసుకుని వస్తాడు.