నూరు బీడీలకోసారి

నాలుగో కట్టకు దారం చుట్టి, లలితమ్మ చాటను ఒళ్లోంచి దించింది. కట్టకు ఇరవై ఐదు బీడీలు. నాలుగు కట్టలైతే నూరు. నూరు కాగానే ఆమె చెయ్యి ఆగుతుంది.

లేచి జాలారు దగ్గర సబ్బుతో వేళ్లు తోముకుంది. తంబాకు పట్టిన గోళ్లు ఎంత తోమినా గోధుమరంగే. గోడవారన పగిలిన బకెట్లో మరువం మొక్క ఉంది. రెండు రెమ్మలు తుంచింది. ఒకటి అరచేతిలో నలిపి వాసన చూసుకుని, రెండోది చాట అంచున, కోడలు కూర్చున్న వైపు పెట్టింది.

"వాసన చూడు పిల్లా."

"నాకు టైం లేదత్తా." రవళి తలెత్తలేదు. కత్తెర ఆకు మీద పరుగెడుతోంది.

ఎదురింటి గడపలోంచి దేవీబాయి నవ్వింది. "లలితక్కకు ఇంటర్వెల్ అయింది. ఇగ సినిమా చూస్తది."

సినిమా అంటే వీధే. దండెం మీద ఆకుపచ్చ చీర. పిట్లం నుంచి వచ్చే ఆటోలోంచి సంచులతో దిగేవాళ్లు. గోడ మీద ఒళ్లు నాక్కునే పిల్లి. లలితమ్మ గోడకు ఆనుకుని అన్నీ చూస్తుంది, ఏమీ మాట్లాడదు.

భర్త భోజన్న చనిపోయిన ఏడు ఆమె కూడా ఆగకుండానే చుట్టింది. చెయ్యి ఆగితే ఏడుపొస్తుందని భయం. ఒక మధ్యాహ్నం పక్కనే కూర్చున్న కొడుకు అమ్మా, అమ్మా అని ఎన్నిసార్లు పిలిచాడో, వాడు భుజం పట్టి కుదిపేదాకా వినబడలేదు. ఆ రోజు నుంచే నూరుకోసారి ఆగడం. ఇరవై రెండేళ్లయింది.

రవళి బీడీలు రెండు వారాలుగా కార్ఖానాలో పాస్ కావడం లేదు. మూతి దగ్గర ఆకు చిట్లి తంబాకు రాలుతోంది. ఇంకోసారి ఇట్లా తెస్తే ఆకు ఇచ్చేది లేదన్నారు. ఆ ఫికర్‌తో పిల్ల ఇంకా వేగం పెంచింది. రాత్రి నిద్రలో కూడా వేళ్లు కదులుతున్నాయని కొడుకు మహేందర్ తల్లికి చెప్పాడు.

అన్నాలయ్యాక లలితమ్మ కోడలి ఒళ్లోంచి చాట తీసేసింది.

"అత్తా, ఇంకా రెండొందలున్నయి."

"ఉండనీ. యాడికి పోతయి? గీ ఆకు పట్టి చూడు. తడున్నదా, ఆరిందా?"

రవళి ఆకును వేళ్ల మధ్య పట్టుకుంది. గరగరలాడింది. పొద్దున తడిగుడ్డలోంచి తీసిన ఆకు ఎప్పుడు ఆరిపోయిందో ఆమె చూసుకోనేలేదు.

"ఆరిన ఆకును మడిస్తే చిట్లదా మరి," అంటూ లలితమ్మ ఆకులన్నీ మళ్లీ తడిగుడ్డలో చుట్టింది. "మెత్తవడేదాక మనకు పని లేదు. కూసో."

పనిలేక కూర్చోవడం రవళికి మొదట కష్టమైంది. వేళ్లు ఒళ్లో ఊరికే మెదిలాయి. కాసేపటికి గాలి వచ్చింది. దండెం మీది చీర ఉబ్బింది.

"అత్తా, గా చీర కడుపుతోటున్నదాని లెక్క లేదు?"

"మెల్లగ అను. అది దేవీబాయిది."

ఇద్దరూ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

మెత్తబడిన ఆకుతో రవళి మిగిలినవి నిమ్మళంగా చుట్టింది. పొద్దుటి వాటిలో చిట్లినవి తానే ఏరి పక్కన పెట్టింది. నాలుగింటికి కార్ఖానాకు వెళ్లింది. అక్కడివాళ్లు ఒక్క బీడీ కూడా పక్కకు తీయలేదు; రేపటికి ఆకు తూచి ఇచ్చారు. తిరిగొస్తూ ఆటో ఎక్కలేదు. బస్టాండు దగ్గర ఉడకబెట్టిన పల్లీల వాసనకు ఆగి ఒక పొట్లం కొనుక్కుంది.

"మెల్లగ రా," అంది దేవీబాయి, ఆరిన చీర మడతపెడుతూ. "మీ అత్త సినిమల ఉన్నది."

లలితమ్మ గోడకు ఆనుకుని వీధి వైపు చూస్తోంది. రవళి చప్పుడు చేయకుండా పక్కన కూర్చుని పొట్లం విప్పింది. నాలుగు కాయలు ఒలిచి అత్త ముందు పెట్టింది.

"అత్తా, అన్నీ పాసైనయి."

జవాబు కోసం తొందరపెట్టలేదు. పిల్లి గోడ దిగి వెళ్లిపోయింది. దండెం ఖాళీగా ఉంది. అత్త రెప్ప వేయకుండా ఇంకా అటే చూస్తోంది. రవళి ఆమె చేతి మీద చెయ్యి వేసింది. చల్లగా తగిలింది. మూసి ఉన్న ఆ పిడికిట్లోంచి మరువం వాసన వస్తోంది.

చాటలో దారం చుట్టిన కట్టలు నాలుగు ఉన్నాయి. అంచున, కోడలు కూర్చునే వైపు, ఇంకా వాడని రెమ్మ ఒకటి.