మామయ్యగారి చిన్న తుపాకీ

నా కూతురు కౌనాక్ ఆ రోజు కూడా ఖాళీ స్లెడ్జితోనే తిరిగి వచ్చింది. వాళ్ళ నాన్న తుపాకీని చలి వసారాలో కొక్కేనికి తగిలించి, లోపలికి వచ్చి, నా పక్కన నేలమీద కూలబడింది.

“మళ్ళీ తప్పింది. మంచు మీద పడుకుని నావైపే చూస్తోంది సీల్. తూటా దాని వెనకెక్కడో పడింది. ఇక నేను వెళ్ళను,” అంది.

కుడుతున్న బూటు పక్కన పెట్టి టీ పోశాను. సరిగ్గా కాల్చలేకపోవడం దాని తప్పు కాదు. కిందటి చలికాలం మంచుబండి బోల్తాపడి మెడ కింది ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది గానీ భయం అతుక్కోలేదు. వాళ్ళ నాన్న 303 తూటాల తుపాకీ పేలగానే వెనక్కి తన్నుతుందని భుజానికి తెలుసు. ట్రిగ్గరు నొక్కే ముందే కళ్ళు మూసుకుపోతాయి.

ఇంట్లో వేటకు వెళ్ళేవాళ్ళు వేరే ఎవరూ లేరు. నా భర్త ఇనూకి కళ్ళకు పొర కమ్మింది. అందుకే తన తుపాకీ తనే తీసి కూతురి చేతుల్లో పెట్టాడు. కౌనాక్ ఇంతవరకు ఒక్క సీల్ కూడా కొట్టలేదు. వసంతం వెళ్ళిపోయి సముద్రం మీద మంచు విరిగిందంటే ఈ ఏడాదికి ఇంతే. ఇప్పుడు మానేస్తే ఇక ఎప్పటికీ వెళ్ళదని నాకు భయం పట్టుకుంది.

“కోఆపరేటివ్ స్టోరులో పొట్టి తుపాకులు వచ్చాయట. ఒకటి చూద్దాం,” అన్నాను.

“నా తుపాకీకి ఏమైంది?” అన్నాడు ఇనూకి. “ముప్ఫై ఏళ్ళు మీకు తిండి పెట్టింది.”

“దానికేం కాలేదు. పిల్ల భుజానికైంది.”

ఇనూకి మూతి ముడుచుకుని, “సరే, పొట్టిదే తీసుకోండి. కానీ 308, పెద్ద తూటాది. తెల్ల ఎలుగు ఎదురుపడితే చిన్న తూటా చక్కిలిగింత పెట్టినట్టుంటుంది,” అన్నాడు.

అటువంటిది ఇనూకి పినతండ్రి కొడుకు లుకాసీ దగ్గర ఉంది. స్టోరు చూసుకునేది కూడా అతనే. ఒడ్డుకు తీసుకువెళ్ళి కౌనాక్ చేత ఒకసారి కాల్పించాడు. పిల్ల వెనక్కి మంచులో కూర్చుండిపోయింది.

“వదినా, నేను ముందే చెబుదామనుకున్నా,” అన్నాడు లుకాసీ, దాన్ని లేవదీస్తూ. “బరువైన తుపాకీ అయితే సగం దెబ్బ తనే మింగుతుంది. ఇది తేలిక. మొత్తం మనకే ఇస్తుంది. చప్పుడు కూడా ఎక్కువే.”

ఇంటికి వచ్చాక కౌనాక్ భుజం పట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. వాదన మాత్రం నాకూ ఇనూకికీ మధ్య సాగింది.

“చిన్న తూటా, 223 చాలు,” అన్నాను. “సీల్ తలకి అది సరిపోతుంది. దగ్గరకి వెళ్ళి కొడితే కారిబూ దుప్పికి కూడా చాలు. సరుకు ఓడ ఆలస్యమైనా ఆ తూటాలు స్టోరులో దొరుకుతాయి. పైగా తోలు కుట్టేది నేను. నీ 303 పెట్టిన బొక్కలకి మాసికలు వేసీ వేసీ నా వేళ్ళు అరిగిపోయాయి.”

“ఎలుగొస్తే దానికి నీ మాసికలు చూపించమను.”

అంతవరకు మూలన కూర్చుని బూటు తోలు మెత్తబడేలా నములుతున్న మా అమ్మ నోట్లోంచి తోలు తీసింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా నాన్న చనిపోయిన ఏడాదే కౌనాక్ పుట్టింది. ఆయన పేరే పెట్టాం. మా దగ్గర పేరుతో పాటు పోయిన మనిషీ తిరిగి వస్తాడు. అందుకని నేను దాన్ని నాన్నా అంటాను. మా అమ్మ ఏమండీ అంటుంది. ఇనూకికి అది మామయ్య, దానికి అతను అల్లుడు. పుట్టినప్పటి నుంచీ పిలుపులు ఇవే.

“ఏమండోయ్,” అంది అమ్మ గోడవైపు చూసి. “మీకు పెద్ద తుపాకీ ఎప్పుడు పడింది కనుక? కుర్రతనంలో చిన్నదే వాడేవారు కదా. అల్లుడు రాకముందు మాట. చెప్పరేం?”

కౌనాక్ ఇటు తిరిగింది. ముసలమ్మ ముఖం చూసింది. మెల్లగా లేచి కూర్చుంది.

“అల్లుడూ,” అంది.

ఇనూకి చేతిలో టీ కప్పు ఆగిపోయింది.

“నాకు 223 తీసుకురా.”

మా నాన్న బతికున్నన్నాళ్ళూ ఇనూకి ఆయన మాటకు ఎదురు చెప్పలేదు. అల్లుడు చెప్పకూడదు. కప్పు కింద పెట్టి, తల వంచుకుని, “అలాగే మామయ్యా,” అన్నాడు. ఊరుకోలేక, “కానీ ఎలుగు సంగతి...” అన్నాడు.

“నువ్వున్నావు కదా. నీ 303 నువ్వే పట్టుకుని స్లెడ్జి మీద కూర్చో. ఎలుగు నీ పని, సీల్ నా పని.”

“నాకు కనబడదే.”

“మా అమ్మాయి చూపిస్తుంది. నువ్వు కాల్చు.”

అతని ముఖం అప్పుడు తేటపడింది. తుపాకీతోపాటు తనను కూడా కొక్కేనికి తగిలించేశామని ఇన్నాళ్ళూ బాధపడ్డాడని నాకు అప్పుడే అర్థమైంది.

స్టోరులో కౌనాక్ లావు చేతితొడుగులు వేసుకునే, తూటా ఎక్కించే బోల్టు లాగి చూసింది. ఊడదీసే తూటాల పెట్టె ఉన్నదాన్ని పక్కన పెట్టింది, మంచులో పడితే దొరకదని. వెనక పట్టు కర్ర పొట్టిగా ఉన్నదాన్ని భుజానికి ఆనించుకుని కళ్ళు మూసి తెరిచింది. “ఇది,” అంది. ఇంటికి వచ్చాక ఇనూకి బోల్టులోని నూనెనంతా పెట్రోలుతో కడిగాడు. నూనె ఉంటే చలికి బిగుసుకుపోతుంది. కళ్ళు కనబడకపోయినా వేళ్ళతో తడిమి తడిమి తుడిచాడు. కూతురు ముచ్చటపడి తుపాకీని ఇంట్లో పెట్టుకోబోతే కసిరాడు. “వెచ్చబడితే చెమ్మ పడుతుంది మామయ్యా. వసారాలోనే పడుకోనీ.”

గాలి తగ్గాక ముగ్గురం బయలుదేరాం. దూరంగా మంచు మీద నల్లగా ఒక సీల్ ఎండ కాచుకుంటోంది. కౌనాక్ తను కనబడకుండా తెల్లగుడ్డ తెరను ముందుకు తోసుకుంటూ పాకింది. తెర మధ్యలోని రంధ్రంలో పొట్టి గొట్టం చక్కగా ఇమిడింది.

“ఏం చేస్తోంది?” అన్నాడు ఇనూకి.

“పాకుతోంది. సీల్ తలెత్తింది. పిల్ల ఆగింది. సీల్ తల దించింది. మళ్ళీ పాకుతోంది.”

“దగ్గరికి వెళ్ళమను. ఇంకా దగ్గరికి.”

“నీ కేకలకి సీల్ ఆస్ట్రేలియా పోతుంది. నోరు మూసుకో.”

టప్ మని చప్పుడైంది.

“అంతేనా?” అన్నాడు. “దగ్గినట్టుందే.”

సీల్ తల వాలింది. పక్కనున్న మంచు కంతలోంచి నీళ్ళలోకి జారలేదు. కౌనాక్ లేచి పరుగెత్తింది. దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మంచినీళ్ళు నోట్లో పుక్కిలి పట్టి సీల్ నోట్లోకి వదిలింది. మా నాన్న అలాగే వదిలేవారు. సముద్రపు జీవికి దాహం ఎక్కువ. నేను ఇనూకి చెయ్యి పట్టుకుని అక్కడికి నడిపించాను. అతను వేళ్ళతో తల తడిమి, చిన్న రంధ్రం కనుక్కుని, కూతురి భుజం మీద చెయ్యి వేశాడు.

“నొప్పి ఉందా మామయ్యా?”

“లేదు అల్లుడూ.”

మొదటి సీల్ మంత్రసానికి ఇవ్వాలి. కౌనాక్‌ను ఈ లోకంలోకి తీసింది మా అమ్మే. నేల మీద అట్టముక్క పరిచి సీల్‌ను అమ్మ ముందు పెట్టాం. ఊరిలో సగం మంది వచ్చి కూర్చున్నారు. అమ్మ కాలేయం కోసి, వెచ్చటి ముక్క నోట్లో వేసుకుని, “మా ఆయన ఇన్నాళ్ళకి నాకు తిండి పెట్టారు,” అంది. అందరూ నవ్వారు. కౌనాక్ ఎర్రబడిన ముఖాన్ని మోకాళ్ళ మధ్య దాచుకుంది.

తోలు నా వంతుకు వచ్చింది. ఎక్కడా మాసిక వేయనక్కర్లేదు. దాన్ని ఊలూ కత్తితో గీకుతూ అమ్మ చెవిలో అడిగాను.

“నాన్నకి 303 కాక వేరే తుపాకీ ఎప్పుడుందే అమ్మా?”

అమ్మ గడ్డంతో మనవరాలి వైపు చూపించింది. “ఆయన్నే అడుగు.”

పక్కన ఇనూకి కొవ్వు ముక్క నములుతున్నాడు. విన్నాడనుకోలేదు నేను.

“ఉండే ఉంటుందిలే,” అన్నాడు. “అత్తయ్య చెప్పిందిగా.”