మధ్యధరాకు రెండు టికెట్లు

జాబితాలో పన్నెండు పేర్లున్నాయి. మెట్రోటౌన్‌లో బస్సు మెట్ల దగ్గర నిలబడిన అమ్మాయి ఒక్కో పేరూ చదివి టిక్కు పెట్టుకుంటోంది. నా పేరు దగ్గర ఆగి తలెత్తింది.

"చాముండేశ్వరి... తెలుగా ఆంటీ?"

"అవునమ్మా."

"అయ్యో, ముందే చెప్పొద్దా! పొద్దున్నుంచి గుడ్ మార్నింగ్ చెప్పి చెప్పి నోరు నొస్తుంది. నేను రిషిత. మాది కరీంనగర్. ఇవాళ మీ గైడ్‌ని." మళ్ళీ కాగితం చూసింది. "మీతో ఇంకొకరున్నరు కదా, పద్మిని గారు. రాలేదా?"

"రాలేదు," అన్నాను.

పద్మిని నా చెల్లెలు. ఏప్రిల్ పదకొండున ఇక్కడే, వాంకూవర్ పక్కనున్న బర్నబీలో, తన అపార్ట్‌మెంట్‌లో, ఆఫీసుకు బయల్దేరుతూ గుండె ఆగి చనిపోయింది. దానికి యాభై రెండేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. నాకు అదీ, దానికి నేనూ.

ఈ టికెట్లు ఫిబ్రవరిలో అదే కొన్నది. చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క అట్లాసులో మధ్యధరా సముద్రం పేజీ అది చూసీ చూసీ చిరిగిపోయింది. ఎప్పటికైనా చూడాలనేది. ఇక్కడి ఒక టూర్ కంపెనీ, వాంకూవర్‌కు పైనున్న తీరానికి కెనడా మెడిటరేనియన్ అని పేరు పెట్టి బస్సు నడుపుతోంది. వేసవిలో ఎండ, చలికాలంలో వాన, అందుకని ఆ పేరట. "అక్కా, మధ్యధరా సముద్రం మా ఇంటి పక్కకే వచ్చేసింది. ఇటలీ వీసా అక్కర్లేదు. నీ వేసవి సెలవుల్లో, జూన్ మొదట్లో నువ్వు వస్తే చాలు," అని ఫోన్ చేసింది. నా వీసా మార్చిలో వచ్చింది. నేను ఏప్రిల్‌లోనే రావలసి వచ్చింది. వచ్చి, సెలవు పొడిగించుకుని, దాని ఇల్లు సర్దుతున్నాను.

ఆ సంగతి ఆ అమ్మాయికి అక్కడే చెప్పి ఉండవలసింది.

"ఏం కాదు ఆంటీ. డౌన్‌టౌన్‌ల సెకండ్ పికప్ ఉంది. అక్కడ ఎక్కుతరేమో," అందామె. నా వెనక పెద్ద టోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకాయన, కాల్గరీ నుంచి వచ్చాడట, త్వరగా కదలమన్నట్టు దగ్గాడు. నేను బస్సెక్కాను.

బస్సు కదిలాక రిషిత మైకులో తన పాఠం చెప్పింది. బట్టీ పట్టిన పాఠం. ఎక్కడ నవ్వాలో కూడా బట్టీ పట్టింది. అది అయిపోయాక వచ్చి నా సీటు పక్కన గొంతుక్కూర్చుంది.

"ఆంటీ, లాస్ట్ సీట్ల గ్రే జాకెట్ వేసుకున్న మేడమ్‌ని చూడండి. అయ్యో, అట్ల తిరిగి చూడకండి! ఆమె డయాన్. మా సూపర్‌వైజర్. ఇవాళ నా లాస్ట్ ట్రయల్."

"పాసైతే?"

"పర్మనెంట్ ఇస్తరు. ఆగస్టుల నా కోర్స్ అయిపోతది. టూరిజం చదివినోళ్ళం నలభై మందిమి ఉన్నం, అందరు కాఫీ షాపుల్లనే ఉన్నరు. చదివిన దాంట్ల జాబ్ వచ్చేది నాకొక్కదానికే, ఇవాళ మంచిగ గడిస్తే. రెండే రూల్స్ ఆంటీ. ఎవ్వర్నీ వదిలేసి పోవద్దు. లేట్ కావద్దు."

"గడుస్తుందమ్మా," అన్నాను.

"మీరేం చేస్తరు?"

"హైస్కూల్లో తెలుగు చెప్తాను."

"అమ్మో! నేను ఛందస్సుల సున్నా," అని నాలుక కరుచుకుని ముందుకు వెళ్ళిపోయింది. చూస్తూ ఉండగానే ఇష్టం కలిగించే పిల్ల.

డౌన్‌టౌన్‌లో ఒక హోటల్ ముందు బస్సు ఆగింది. అయిదుగురు ఎక్కారు. రిషిత లెక్కపెట్టింది. పదకొండు. బస్సు దిగి అటూ ఇటూ చూసి, జాబితాలో ఉన్న నంబరుకు ఫోన్ చేసింది.

ఆ ఫోను నా చేతిసంచిలో మోగింది.

పద్మిని ఫోనుకు ఇంకా బ్యాంకు మెసేజీలూ ఆఫీసు మెసేజీలూ వస్తుంటాయని నా వెంటే ఉంచుకుంటున్నాను. సంచిలో చెయ్యి పెట్టి శబ్దం నొక్కేశాను. అరచేతిలో అది వణుకుతూనే ఉంది. కిటికీలోంచి రిషిత కనబడుతోంది. ఫోను చెవికి ఆనించుకుని, రోడ్డు చివరిదాకా చూస్తూ, వచ్చే ప్రతి ఆడమనిషి వైపూ ఒక అడుగు వేస్తోంది. మూడుసార్లు చేసింది. మూడుసార్లూ నా చేతిలో వణికింది. ఇరవై తొమ్మిదేళ్ళుగా పిల్లలకు నిజం చెప్పమని చెబుతున్నదాన్ని, లేచి నిలబడలేకపోయాను.

చివరికి తలుపు దగ్గరకు వెళ్ళి, "వెళ్దామమ్మా, ఇంక చాలు," అన్నాను.

"టూ మినిట్స్ ఆంటీ. ఉరికొస్తుంటరు పాపం. మనం ఉరికొస్తుంటే మనల్ని వదిలేసి బస్సు పోతే ఎట్లుంటది చెప్పండి?"

పదకొండు నిమిషాలు ఆగాం. హార్స్‌షూ బే రేవుకు చేరేసరికి, బస్సుతో సహా మమ్మల్ని అవతలి తీరానికి దాటించవలసిన తొమ్మిదింబావు పడవ తలుపు వేసేశారు. తెల్లగా, పెద్దగా, మా కళ్ళ ముందే అది కొండల మధ్యకు వెళ్ళిపోయింది. తరవాతిది పదకొండుంబావుకు.

డయాన్ రిషితను పక్కకు పిలిచింది. మాటలు వినబడలేదు గాని, రిషిత జాబితాను గుండెలకు అదుముకుని తల ఊపుతూ ఉండటం చూశాను. హోంవర్క్ చేసి కూడా తేవడం మరిచిపోయిన పిల్లలు అలాగే నిలబడతారు.

నేను వెళ్ళి వాళ్ళిద్దరి మధ్యా నిలబడ్డాను.

"మై సిస్టర్ ఈజ్ డెడ్," అన్నాను డయాన్‌తో. "ఆమె కోసమే ఈ అమ్మాయి ఆగింది. నేను చెప్పలేదు. తప్పు నాది."

ఇంగ్లీషులో అనడం కష్టం కాలేదు. ఈ రెండు నెలల్లో బ్యాంకులోనూ ఆఫీసులోనూ ఇంగ్లీషులో చాలాసార్లు అన్నాను. అప్లికేషన్‌లో ఒక గడి నింపినట్టుంటుంది. తెలుగులో మాత్రం ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. మా ఊరి వాళ్ళకు ముందే తెలుసు కనుక అనవలసిన పని పడలేదు.

డయాన్ నా మోచెయ్యి పట్టుకుని సానుభూతి చెప్పింది. తరవాత, పికప్‌లో అయిదు నిమిషాలకు మించి ఆగకూడదన్నది నియమమనీ, ఆలస్యం రాయక తప్పదనీ, కారణం కూడా రాస్తాననీ, రోజు ఇంకా మిగిలే ఉంది కదా అనీ అంది. అందులో అన్యాయం లేదు. నేనూ పేపర్లు దిద్దేదాన్నే.

ఆమె వెళ్ళాక రిషిత నా వైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు.

"మీరు రాలేదు అన్నరు ఆంటీ. రాలేదంటే ఇంకా రాలేదేమో, వస్తరేమో అనుకున్న. తెలుగు టీచర్ అయ్యుండి! రాదు అని ఒక్క మాట అంటే అయిపోతుండె కదా!"

"ఆ మాట నాకు రాలేదమ్మా," అన్నాను.

ఆమె తన జాకెట్ చేతితో ముందు నా ముఖం తుడిచి, ఆ తరవాత తనది తుడుచుకుంది. నా ముఖం తడిసిందని నాకు అప్పుడే తెలిసింది.

"చెల్లెలు చనిపోయింది," అన్నాను తెలుగులో.

"సరే ఆంటీ," అంది, నా చెయ్యి వదలకుండా.

బస్సు దగ్గర టోపీ పెద్దాయన గొంతు పెంచుతున్నాడు. బీచులు చూపిస్తామని తెచ్చి కార్ల పార్కింగ్ చూపిస్తున్నారట. మిగతావాళ్ళు తల ఊపుతున్నారు. డయాన్ కొంచెం దూరంలో నిలబడి, రిషిత ఏం చేస్తుందో చూస్తోంది.

"రెండు గంటలు ఆంటీ! ఏం చెయ్యాలె?" అంది రిషిత మెల్లగా. "పక్కన వైట్‌క్లిఫ్ అని ఒక బీచ్ ఉంది, బస్సుల పది నిమిషాలు. మా రూమ్మేట్స్‌తోని ఒకసారి పోయిన. కానీ దానికి నా దగ్గర స్క్రిప్ట్ లేదు. ఏమన్నా అడిగితే?"

"తెలియకపోతే తెలియదని చెప్పు."

"గైడ్ తెలియదంటే ఎట్ల!"

"నేను వారానికి రెండుసార్లు అంటాను. ఇంకో సంగతి. క్లాసులో అలిగినవాడు ఒకడుంటాడు చూడు, వాణ్ణే ప్రశ్న అడగాలి."

ఆమె టోపీ పెద్దాయన వైపు చూసింది. గట్టిగా ఊపిరి పీల్చుకుని, డ్రైవర్‌తో మాట్లాడటానికి వెళ్ళింది.

వైట్‌క్లిఫ్‌లో మెట్లు దిగి తీరానికి చేరేసరికి పది దాటింది. గుండ్రటి రాళ్ళ తీరం. ఎదురుగా నీళ్ళలో చిన్న రాతి దీవి, దాని నెత్తిన నాలుగైదు చెట్లు. నీళ్ళు అడుగు కనబడేంత స్వచ్ఛంగా ఉన్నాయి. రిషిత ఒక బండ ఎక్కి నిలబడింది. మైకు లేదు.

ఈ బీచ్ గురించి తనకు ఎవరూ నేర్పలేదని చెప్పింది. ఇది తను రావడం రెండోసారేనని చెప్పింది. సముద్రం ఇప్పుడు వెనక్కి తగ్గుతోందని, పదీ ఇరవైకి ఆ దీవిదాకా రాళ్ళ మీద నడిచి వెళ్ళవచ్చని ఫోన్‌లో చూసి చెప్పింది. ఎక్కడ నవ్వాలో మరిచిపోయినట్టుంది, మామూలుగా మాట్లాడింది. తరవాత ఒడ్డున ఎర్రటి బెరడు కాగితాల్లా ఊడుతున్న ఒక చెట్టు వైపు చెయ్యి చూపి, దాని పేరు తనకు తెలియదనీ, మీకేమైనా తెలుసా అనీ ఆ పెద్దాయనను అడిగింది.

ఆయన టోపీ తీశాడు. అది ఆర్బ్యూటస్ అన్నాడు. ముప్పయ్యేళ్ళు అడవుల శాఖలో పనిచేశాడట. దాని చుట్టాలు అసలైన మధ్యధరా తీరంలో ఉన్నాయట. ఆకు తెంపి చూపించాడు, బెరడు ఒలిచి అందరి చేతుల్లో పెట్టాడు. పావుగంట సేపు ఆపలేదు. ఆఖరికి రిషితే, "సర్, సముద్రం మన కోసం ఆగదు," అని ఆయన్ను లాక్కుపోవలసి వచ్చింది. అందరూ నవ్వారు.

అప్పటికి రాళ్ళ దారి బయటపడింది. నాచు పట్టి జారుతోంది. నా చీర చూసి రిషిత, "కుచ్చిళ్ళు దోపుకోండి ఆంటీ," అని నా చెయ్యి పట్టుకుంది. అవతలి చెయ్యి డయాన్ పట్టుకుంది. ఆవిడ బూటు ఒకటి నీళ్ళలో పడింది, కాల్గరీ ఆయన తీసి ఇచ్చాడు. దీవి మీదకు ఎక్కి నిలబడితే మూడు వైపులా నీళ్ళు, దూరంగా నీలంగా కొండలు. ఒక సీల్ నీళ్ళలోంచి తల పైకెత్తి మమ్మల్ని చూసి మునిగిపోయింది. ఎవరూ టైము అడగలేదు. టైము చూసుకున్నది రిషిత ఒక్కతే. సముద్రం తిరిగి రాకముందే పదకొండుమందినీ ఒడ్డుకు చేర్చి, పదకొండుంబావు పడవ ఎక్కించింది.

అవతలి తీరంలో చూపిస్తామన్న మూడు బీచుల్లో రెండే చూడగలిగాం. మూడోది పోయినందుకు ఎవరూ గొడవ చెయ్యలేదు.

సాయంత్రం తిరుగు పడవలో ఎండ ఇంకా గట్టిగానే ఉంది. పై అంతస్తు బెంచీ మీద కూర్చున్నాను. రిషిత పరుగెత్తుకొచ్చి, ఆయాసం తీర్చుకోకుండానే, "అర పేజీ రాయమంది ఆంటీ!" అంది.

"ఎవరు? ఏం రాయమంది?"

"డయాన్! ఆ పొద్దటి బీచ్ గురించి. పడవ మిస్సయిన రోజు అక్కడికి తీసుకపోతరంట అందర్నీ. సోమవారం వరకు రాసియ్యాలె. వచ్చే శనివారం టూర్ నాదే."

"అంటే?"

"అంటే ఏంది ఆంటీ, జాబ్ వచ్చింది!" అని నా మెడ చుట్టూ చేతులు వేసింది. "లేట్ చేసినవ్ అని కూడా రాసిందంట. రాసుకోనీ."

జాబితా వెనక్కి తిప్పి, పెన్ను తీసి, నా పక్కనే కూర్చుని రాయడం మొదలుపెట్టింది. ఇంగ్లీషే. నాలుగు వాక్యాలు రాసి చూపించింది. బ్రెత్‌టేకింగ్ అన్న మాట మూడుసార్లు వచ్చింది. పెన్ను తీసుకుని రెండు కొట్టేశాను.

"అన్నిసార్లు ఊపిరి ఆగితే మనిషి మిగలడమ్మా," అన్నాను.

అన్నాక గాని ఏమన్నానో తెలియలేదు. రిషిత నా వైపు భయంగా చూసింది. నాకు నవ్వు వచ్చింది. అది చూసి ఆమె కూడా నవ్వింది.

"మీ చెల్లెలు గారు ఉంటే ఏమనేటోళ్ళు ఆంటీ, ఆ బీచ్ చూసి?" అని అడిగింది.

అడగాలే గాని, జవాబు సిద్ధంగానే ఉంది. "ఇసుకేదీ అక్కా? రోడ్డు వేద్దామని కంకర పోయించి, కాంట్రాక్టరు పారిపోయినట్టున్నాడు. దీనికి పొద్దున్నే లేపావా నన్ను?" అన్నాను, పద్మిని గొంతుతోనే. "టికెట్లు అదే కొన్నదని గుర్తుండదు. చెప్పులు విప్పి, అయ్యో కాళ్ళు, అయ్యో కాళ్ళు అని నన్ను తిడుతూ, అందరికంటే ముందు దీవి ఎక్కేసేది."

రిషిత పొట్ట పట్టుకుని నవ్వింది. తరవాత పెన్ను తిప్పి పట్టుకుంది.

"ఆ కాంట్రాక్టర్ మాట నేను వాడుకోనా ఆంటీ? దీవి దగ్గర చెప్తా, మంచిగ నవ్వుతరు."

"వాడుకో."

"ఎవరన్నరని చెప్పాలె?"

"మా చెల్లెలు అనేదని చెప్పు," అన్నాను.