బాలి బొటనవేలు

రోజూ పొద్దున్నే మంగ్లి చేసే మొదటి పని కూతురి కాలి బొటనవేలు గిల్లడం. తెలుస్తుందా బిడ్డా అని అడిగేది. జరంత తెలుస్తుంది యాడీ అనేది బాలి. కూతురు అమ్మను పిలిచే ఆ పిలుపుతో, ఆ జరంతతో మంగ్లికి ఆ పూట ముద్ద దిగేది.

ఇల్లందు అవతలి తండాలో, జొన్నచేలో చిలకల్ని తోలుతూ మంచె మీద నుంచి పడింది తొమ్మిదేళ్ల బాలి. తండ్రి బిచ్యా ఒక్క ఉరుకున వచ్చి, పిల్లను భుజాన వేసుకుని రోడ్డు దాకా పరిగెత్తాడు. పిల్ల పడితే ఎత్తుకోకుండా చూస్తూ నిలబడే తండ్రి ఎక్కడైనా ఉంటాడా? ఖమ్మం దవాఖానాలో డాక్టరు మాత్రం, వెన్ను దెబ్బతిన్న పిల్లను అట్లా వంచి మోయకూడదని, చెక్కబల్ల మీద కదలకుండా తేవాలని అన్నాడు. తరవాత బిచ్యా ఒక్కణ్ణే గదిలోకి పిలిచాడు. బయటికొచ్చిన బిచ్యా, నయమవుతుందట, టైం పడుతుందట అని చెప్పాడు. పెళ్లయిన నాటి నుంచి మొగుడు తనతో అబద్ధమాడి ఎరగడు. మంగ్లి నమ్మింది.

నమ్మి గొడ్డులా చాకిరీ చేసింది. వార్డులో భవాని సిస్టరు నేర్పినట్టు, మెడా నడుమూ మెలిపడకుండా ఆమె, బిచ్యా, మంగ్లి ముగ్గురూ కలిసి పిల్లను దుంగలా పక్కకు తిప్పేవాళ్లు. వీపు మీద ఎర్రమచ్చ వస్తే అది పుండవుతుందని మంగ్లి కళ్లల్లో వత్తులేసుకుని చూసేది. బాలి నడిచి తండాకొస్తే మేకపోతును కోస్తానని సీత్లా తల్లికి మొక్కుకుంది కూడా.

ఒకరోజు బాలి కాలికి దుప్పటి చుట్టుకుంది. దాన్ని విప్పుతూనే, అలవాటు కొద్దీ అడిగేసింది మంగ్లి.

"అవ్ యాడీ, నిన్నటి కంటె మంచిగ తెలుస్తుంది," అంది బాలి పైకప్పు చూస్తూ.

మంగ్లి ఇంకా వేలును తాకనేలేదు.

నిజం చెప్పమని పిల్ల చెంప నిమిరింది.

"కాళ్లు ఇగ రావంట. బాపు చెప్పిండు. నీకు తెలిస్తే తిండి మానేస్తవంట, అందుకే అవ్ అనుమన్నడు. సిస్టరుకు, మామకు గూడ తెలుసు."

ఎంత మోసం! సిస్టరుకు తెలుసు. చూడవచ్చిన తన తమ్ముడు దేవ్లాకూ తెలుసు. అందరూ కలిసి తనను వెర్రిదాన్ని చేశారు. మేకపోతు మాట విని కూడా తలాడించాడే ఆ మొగుడు! మంగ్లికి ఒళ్లంతా మండిపోయింది.

బిచ్యా చాయ్ తీసుకుని వచ్చాడు. ఆమె ముఖం చూడగానే అతనికి అర్థమైపోయింది. గ్లాసు కింద పెట్టి తలవంచుకున్నాడు.

"నేను భుజాన ఏసుకున్నందుకే గిట్లయిందంటవని భయమైంది," అన్నాడు.

అంటే తన తిండి కోసం కూడా కాదన్నమాట. మంగ్లి గొంతు పెంచలేదు.

"నన్ను మోసం జేసినవ్, పోనియ్. కాళ్లు పోయినయని పసిపిల్లకు చెప్పి, నా ముందర నవ్వుమన్నవ్. ఇన్ని దినాలు ఇది ఎవరి దగ్గర ఏడ్వాలె?"

మంగ్లి వంగి, తన చెంపను కూతురి చెంపకు ఆనించింది. దెబ్బ తగిలాక మొదటిసారి బాలి గొంతెత్తి ఏడ్చింది.