గుమ్మపాలు

రెబెక్క చేతిలోని మిషన్ చూడడానికి పాత సెల్‌ఫోన్ లాగే ఉంటుంది. పశువు చెవి నుంచి ఒక్క చుక్క నెత్తురు తీసి, పట్టీ మీద వేసి దాంట్లో దూర్చితే అంటురోగం ఉందో లేదో పావుగంటలో చెప్పేస్తుంది. ఇదివరకు నెత్తురు సీసా హైదరాబాదు వెళ్లి జవాబు తిరిగొచ్చేసరికి ఆ ఆవు సంతలో చేతులు మారి కర్ణాటక చేరేది. ఇప్పుడా సుఖం లేదు. ఆవు గలవాళ్ల మొహం మీదే చెప్పాలి.

ఈ పనికి వికారాబాదులో మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. నెలలు నిండకుండానే ఆవులు ఈసుకపోయే రోగమనీ, పచ్చిపాలు తాగితే మనుషులకూ అంటుతుందనీ, ఆడవాళ్లకు కడుపు పోవచ్చనీ డాక్టరు చెబుతుంటే రెబెక్క నోటుబుక్కులో పొందికగా రాసుకుంది. కింద గీత కూడా కొట్టింది. ఏడాదిన్నర కిందట ఆరో నెలలో తన కడుపు పోయినప్పటి నుంచి ఆమె ఏది విన్నా అంతే, మాట చెవి దగ్గరే ఆగిపోతుంది. గుండె రాయి చేసుకొమ్మని అప్పుడు నలుగురూ చెప్పారు. ఆమె చేసుకోలేదు, దానంతటదే అయింది.

ఇవాళ తాండూరు అవతల, తల్లిగారి ఊరి వంతు. ఇరవై రెండు పశువులను చూసి సాయంత్రానికి తల్లి నాగవ్వ కొట్టంలోకి వచ్చింది. తమ్ముడు యోబు నాపరాళ్ల పాలిష్ పనికి వెళ్లాడు. అతని భార్య మనోరమకు ఇప్పుడు అయిదో నెల. గడప మీద కూర్చుని చూస్తోంది.

నాగవ్వ ఆవును పట్టుకుంటే రెబెక్క దాని చెవికి సూది గుచ్చింది.

"నీ మిషిను జవాబు చెప్పేలోపు నేను పాలు పిండుకుంట," అని నాగవ్వ చెంబుతో పొదుగు దగ్గర కూర్చుంది. ఊరికే ఉండడం ఆమె జన్మలో లేదు.

మిషన్ కూత పెట్టింది. ఎర్ర అక్షరాలు. రోగం ఉంది. రెబెక్కకు ఏమీ అనిపించలేదు. తెర మీద తరవాతి ప్రశ్న వచ్చింది. పొద్దుటి నుంచి కొట్టం కొట్టంలో అడిగినట్టే అడిగింది.

"ఈ ఆవు ఎప్పుడన్న ఈసుకపోయిందా, అవ్వా?"

"పోయింది గద బిడ్డా. పోయినేడు ఈస్టర్ పండుగకు వారం ముందల. నువ్వు వాంతులు ఆగుత లేవని ఇంటికొస్తివి సూడు, గంతకు నాలుగొద్దుల ముందు. దూడ సచ్చినా పాలైతే మంచిగనే ఇచ్చింది."

రెబెక్క వేలు తెర మీదే ఆగిపోయింది. గుమ్మపాలు. పొయ్యి ఎక్కించకుండా, పొదుగు వేడి మీదే తాగే పాలు. కడుపుతో ఉన్న పిల్లకు అంతకు మించిన బలం లేదని ఆ ఇంట్లో ముత్తవ్వల నాటి నమ్మకం. అప్పుడు పొద్దునొక గ్లాసు, మాపునొక గ్లాసు. వద్దన్నా వినకుండా తల్లే గడ్డం పట్టుకుని తాగించింది.

తలెత్తి చూసేసరికి నాగవ్వ నురగతో నిండిన గ్లాసును కోడలి చేతికి ఇస్తోంది. రెబెక్క వెళ్లి లాక్కుంది.

"ఎన్నొద్దుల నుంచి తాగుతున్నవ్?"

"నిన్ననే కద వదినె, మా తల్లిగారింటి నుంచి వచ్చింది. ఇంకా తాగనే లేదు."

"ఏమైందే?" అంది నాగవ్వ.

కాచి తాగాలని కొత్త రూలు వచ్చిందని చెప్పొచ్చు. కానీ రూలు మాట నాగవ్వ ఏనాడు విన్నది గనక? చాటుగానైనా పోస్తుంది. ఉన్నది చెబితేనే మానుతుంది. చెబితే మిగతాది తనే గ్రహిస్తుంది. ముసలిదాన్ని ఆ బరువు నుంచి తప్పించే దారి రెబెక్కకు కనబడలేదు.

"ఆవుకు రోగమున్నది. పచ్చిపాలతోని మనుషులకు అంటుతది. కడుపు పోతది," అని నోటుబుక్కు చదివినట్టు చెప్పింది.

నాగవ్వ కోడలి వంక చూసింది, ఆవు వంక చూసింది. కూతురి వంక చూడలేదు.

"నీకు గూడ..."

"ఏమో అవ్వా. గది ఈ మిషిను చెప్పది."

తల్లిని దగ్గరికి తీసుకోవాలని రెబెక్కకు తెలుసు, చేతులే లేవలేదు. ఇంట్లో పచ్చిపాలు ఎందరు తాగారన్న ప్రశ్న తెర మీద ఇంకా మిగిలే ఉంది.

"యోబు తాగిండా?"

"వానికి చాయ్‌లకే."

"మరి నువ్వు?"

"నాకెక్కడియి బిడ్డా," అంది నాగవ్వ నేల చూస్తూ. "నేనొక్క గుక్కన్న తాగకపోతి. అన్నీ నీకే పోస్తి."

రెబెక్క 'ఒకరు' అని నొక్కి, పేరు అడిగినచోట తన పేరు రాసింది.