తలా డెబ్బై రెండు గ్రాములు

సచిన్ తుప్పు వదిలించే పని మొదలుపెట్టినప్పుడు చేతిలో ఉన్నది నాలుగు వేల ఎనిమిది వందల రూపాయలు. దానితో ఐదు కిలోల గ్రీజు బకెట్, రెండు తీగ బ్రష్షులు, ఒక రెడ్ ఆక్సైడ్ రంగు డబ్బా, ఒక పాత బట్టల మూట కొన్నాడు. పంక్చర్ దుకాణంలో చిరిగిన లారీ ట్యూబులు ఊరికే ఇచ్చారు. అన్నీ తోపుడు బండిలో వేసుకుని రోజూ పొద్దున ఐదున్నరకు బాబుపేట్‌లో ఇంటి నుంచి బయలుదేరేవాడు. వెనక తల్లి వెంకటమ్మ గొంగడి కప్పుకుని, టీ ఫ్లాస్కు పట్టుకుని నడిచేది.

ఆరింటికల్లా జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర ఉండేవారు. రాజురా, కోర్పనా వైపు ఊళ్ల నుంచి పత్తి ట్రాక్టర్లు ముందురోజు సాయంత్రమే వచ్చి లైన్లో నిలబడతాయి. గేటు తెరిచేది ఎనిమిదింటికి. అప్పటిదాకా మంచులో ఇనుమంతా తడిసి చల్లగా ఉంటుంది. సాస్తి గనుల నుంచి వచ్చే లారీలు రోడ్డు పొడవునా బొగ్గు దుమ్ము రాలుస్తాయి. ఆ దుమ్ము మంచులో నానితే ఇనుమును తినేస్తుంది. ట్రాక్టరునూ ట్రాలీనూ కలిపి పట్టుకునేవి ఒక హుక్కు, ఒక రింగు, ఒక పిన్ను. రంగు మొదట లేచిపోయేది అక్కడే. తుప్పు మొదట పట్టేదీ అక్కడే.

మూడేళ్ల కింద ఇలాంటి చలికాలంలోనే కోఠారి దగ్గర ఎత్తు మీద ఒక హుక్కు విరిగింది. ట్రాలీ వెనక్కి జారి గుంతలో బోర్లాపడింది. పత్తి మీద కూర్చున్న సచిన్ తండ్రి సమ్మన్న దాని కింద పోయాడు. విరిగిన హుక్కుకు పైన మంచి నీలం రంగు ఉంది. లోపల మాత్రం ఎర్రమట్టిలా గుప్పెడు తుప్పు. పదో రోజున వెంకటమ్మ ఆ ముక్కను చేతిలోకి తీసుకుని అరచేత్తో తుడిచింది. ఎండిన నేలలో నీళ్లు ఇంకినట్టు తుప్పంతా ఆమె చేతిలోకి ఇంకిపోయింది. ఇనుము కొత్తదానిలా నల్లగా మెరిసింది. ఆనాటి నుంచి తుప్పు పట్టిన హుక్కు కనపడితే ఆమె తుడవకుండా పోయేది కాదు. వారానికి ఒకటో రెండో. ఎండాకాలం వచ్చేసరికి అదంతా చెమటలో బయటికి వచ్చి రవికె వీపంతా ఎర్రబడేది. ఉతికితే పోయేది.

"అక్క చెయ్యి మంచిది," అనేవారు ట్రాక్టర్ల వాళ్లు. అంతకు మించి ఎవరూ ఏమీ అనలేదు.

ఐటీఐ చదివిన సచిన్‌కు మాత్రం తన పద్ధతి మీద నమ్మకం. మొదటి రోజు లైన్లో ముందున్న ఎర్రయ్య హుక్కుతో మొదలుపెట్టాడు. బ్రష్షుతో తుప్పు రాల్చి, పొడి బట్టతో తడి తుడిచి, రెడ్ ఆక్సైడ్ పూసి, ఆరాక గ్రీజు పట్టించాడు. చివరగా ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగించాడు. ఎర్రయ్య ట్రాక్టరు మీద నుంచి వంగి చూశాడు.

"గిదేంది సచినూ, హుక్కుకు లంగోటి కడుతున్నవా?"

"మంచు అంటకుంట మామా. ఉత్త గ్రీజు పూస్తె బొగ్గు దుమ్ము అతుక్కుంటది. గరుకు కాయితం లెక్క ఇనుమును అరగదీస్తది. అందుకె మీద ట్యూబు."

"ఎంతసేపు గీ ముస్తాబు?"

"పన్నెండు నిమిషాలు. ఆరే టైం వేరే."

"అరె బాప్ రే! అంతల నా పత్తికి ముసలితనం వస్తది. మీ అవ్వ చెయ్యి పెడితె నిమిషం గూడ పట్టది. పిలువు అక్కను."

వెనక ఉన్నవాళ్లు నవ్వారు. సచిన్ నవ్వలేదు, లెక్క వేశాడు. ఆరు నుంచి ఎనిమిది దాకా నూట ఇరవై నిమిషాలు. బ్రష్షుతో పది హుక్కులు. అవ్వ చేత్తో, నడిచే టైం కలుపుకున్నా, లైన్లో ఉన్న ముప్పై ఆరూ అయిపోతాయి.

"అవ్వా, గీ ఒక్క సీజన్," అన్నాడు ఆ రాత్రి ఇంటికి వచ్చాక. "వచ్చే ఏడు తుప్పు రాల్చే గాలి మిషను కొంట. నువ్వు ఇంట్ల కూసోవచ్చు."

"నాకేమైతది బిడ్డా," అంది వెంకటమ్మ. "ఒక్కొక్కటి తుడుస్తుంటె మీ బాపుది తుడిచినట్టే ఉంటది."

ఎన్ని హుక్కులో సచిన్ లెక్క వేశాడు. ఎండలు రావడానికి ఎన్ని రోజులో కూడా లెక్క వేశాడు. ఆ రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి చూడలేదు.

వారం దాటాక ఆమె లేచి కూర్చుంటే మోకాళ్లు కిర్రుమనడం మొదలైంది. పాత తలుపు చప్పుడనుకుని సచిన్ రెండుసార్లు వాకిట్లోకి తొంగి చూశాడు. ఆమె స్నానం చేసిన నీళ్లు ఎర్రగా పారేవి. ముద్ద కలిపిన వేళ్లు విప్పుకోవడానికి ఎడమ చెయ్యి సాయం కావలసి వచ్చేది. అయినా ఐదున్నరకు ఫ్లాస్కు పట్టుకుని నిలబడేది. ఆమె అడుగులు మాత్రం బండి వెనక రోజురోజుకూ దూరమయ్యాయి.

అవ్వ చేత్తో తుడవడం మొదలుపెట్టిన పదిహేడో రోజు సాయంత్రం బియ్యానికి ఇద్దరూ రేషన్ దుకాణానికి వెళ్లారు. వెంకటమ్మ అలసిపోయి పెద్ద కాంటా మీదే కూర్చుంది. ముల్లు యాభై ఏడు చూపించింది. సచిన్ వంగి మళ్లీ చదివాడు. దసరాకు ముందు ఆసుపత్రి చీటీలో రాసింది నలభై ఆరు. ఈ మధ్య ఆమె తింటున్నది రోజుకు ఒక రొట్టె.

ఇంటికి వచ్చి నోటుబుక్కు తీశాడు. పని మొదలుపెట్టిన రోజు పది హుక్కుల నుంచి రాలిన తుప్పును ఊరికే కుతూహలం కొద్దీ కిరాణా తరాజులో తూచాడు. నూట ఎనభై గ్రాములు. అంటే హుక్కుకు పద్దెనిమిది. రోజుకు ముప్పై ఆరు హుక్కులు, పదిహేడు రోజులు, ఆరువందల పన్నెండు. పద్దెనిమిదితో గుణించాడు. పదకొండు వేల పదహారు గ్రాములు.

పదకొండు కిలోలు. లెక్క బరోబర్ సరిపోయింది. తన లెక్క తప్పు కావాలని అతను కోరుకోవడం అదే మొదటిసారి.

పద్దెనిమిదో రోజు పొద్దున వెంకటమ్మ లేవలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి, రెప్పలు వాలడం లేదు. సచిన్ ఆముదం వెచ్చచేసి మోకాళ్లకు, మోచేతులకు మర్దన చేశాడు. ఏ కీలూ కదల్లేదు. ఎత్తి కూర్చోబెడదామని ఆమె కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. 'నాకు ఇయ్యి అవ్వా' అని మనసులో అనుకున్నాడో, బయటికే అన్నాడో.

అరచేతిలో సన్నని ఇసుక పారినట్టనిపించింది. అతని చిటికెనవేలు బిగుసుకుంది, తర్వాత దాని పక్క వేలు. వెంకటమ్మ బొటనవేలు మెల్లగా ఒంగింది. ఆమె పెదవులు కదిలాయి.

"చెయ్యి ఇడువు."

"అవ్వా, పోతున్నది. ఇంక జరంత..."

"ఇడువు అంటున్న. ముంగట బతుకున్నోనివి. నువ్వు గూడ పడుకుంటె ఇంట్ల పొయ్యి ఎవరు ముట్టిస్తరు?"

ఉన్న బలమంతా పెట్టి ఆమే చెయ్యి లాక్కుంది. సచిన్ తన వేళ్లు చూసుకున్నాడు. రెండూ ఒంగడం లేదు, లోపల చల్లగా ఉన్నాయి. అంతా తనే తీసుకుంటే ఈ మంచంలో తను ఉంటాడు. చెరి సగం పంచుకుంటే ఇద్దరూ కుంటుతారు. ఎండలకు ఇంకా మూడు నెలలు. అవ్వ అన్నాళ్లు ఆగదని చూస్తేనే తెలుస్తోంది.

మళ్లీ నోటుబుక్కు తీశాడు. ఏ రోజు ఏ ట్రాక్టరో నంబర్లతో సహా రాసి ఉంది. వచ్చినవాళ్లే మళ్లీ మళ్లీ వచ్చారు. లెక్క తీస్తే నూట యాభై మూడు ట్రాక్టర్లు, ఒక్కోటి నాలుగు సార్లు. పదకొండు వేల పదహారును నూట యాభై మూడుతో భాగించాడు. మిగులు లేకుండా డెబ్బై రెండు వచ్చింది. తన వేళ్లను బట్టి చూస్తే డెబ్బై రెండు గ్రాములంటే ఒక వేలి చివరి కణుపు బిగుసుకునేంత. చెమట పట్టే కాలం వస్తే అదీ పోతుంది.

గ్రీజు బకెట్‌ను ఒక మూలకు జరిపి, తోపుడు బండిలో పత్తి బొంత పరిచాడు. వెంకటమ్మను ఎత్తడానికి పక్కింటి లక్ష్మీబాయి కాళ్లు పట్టింది, అతను భుజాలు పట్టాడు.

"ఎంత బరువైంది గీమె," అంది లక్ష్మీబాయి.

"పదకొండు కిలోలు ఎక్కువ," అన్నాడు సచిన్.

మిల్లు గేటు దగ్గర మంచు ఇంకా విడవలేదు. లైన్లో ముందు మళ్లీ ఎర్రయ్యే ఉన్నాడు, దుప్పటి కప్పుకుని. సచిన్ బండి ఆపి మొదట అతని హుక్కు దగ్గర కూర్చున్నాడు. మొదటి రోజు చుట్టిన ట్యూబును ఎర్రయ్య ఎప్పుడో పీకి పారేశాడు. బ్రష్షు, పొడి బట్ట, రెడ్ ఆక్సైడ్. ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాడు. తర్వాత గ్రీజు, ట్యూబు. ఈసారి ఎవరూ లంగోటి అనలేదు. అందరూ బండిలోకి చూసి తల తిప్పుకుంటున్నారు.

సచిన్ లేచి చేతులు తుడుచుకున్నాడు.

"మామా, ఇగ హుక్కుకు తుప్పు రాదు. నేను రానియ్య. పాతదే అవ్వ తాన ఉన్నది. నీది నాలుగు సార్లు తుడిచింది."

"పైసలు ఇచ్చిన గదరా."

"పైసలు నేను తీసుకున్న. తుప్పు అవ్వ తీసుకున్నది."

ఎర్రయ్య ఈసారి తల తిప్పుకోకుండా బండిలోకి చూశాడు. మిల్లు కప్పు మీద నుంచి నీటిచుక్కలు రేకుల మీద పడుతున్నాయి.

"ఎంత నాది?" అన్నాడు చివరికి.

"డెబ్బై రెండు గ్రాములు."

ఎర్రయ్య ట్రాక్టరు దిగాడు. దుప్పటిలోంచి ఎడమ చెయ్యి తీసి, కాసేపు చూసుకుని, లోపలికి పెట్టుకున్నాడు. తర్వాత కుడిచెయ్యి తీసి వెంకటమ్మ చేతిని పట్టుకున్నాడు. అతని చూపుడువేలి చివర నల్లబడి బిగుసుకుంది. "సల్లగున్నదిరా," అన్నాడు, అంతే.

బండిలో వెంకటమ్మ కనురెప్పలు ఒక్కసారి వాలి, మళ్లీ లేచాయి.

సచిన్ నోటుబుక్కులో మొదటి నంబరు పక్కన గీత పెట్టాడు. ఇంకా నూట యాభై రెండు. ఈ రోజు లైన్లో ఉన్నవాళ్లు ఇరవై తొమ్మిది మందే. వెనక ఎవరో ఇంజన్ స్టార్ట్ చేశారు. గేటు తెరవడానికి ఇంకా గంట ఉంది. రెండో ట్రాక్టరు మీద ఉన్న అనంతరావు అప్పటిదాకా బయట ఉన్న రెండు చేతుల్నీ మెల్లగా శాలువా లోపలికి లాక్కున్నాడు.

సచిన్ ఒంగని రెండు వేళ్లతోనే బండి పిడి పట్టుకుని, అతని వైపు తోశాడు.