చాయ్ పెట్టే మొగుడు

"మాట్లాడుడు గూడ పనేనా? ఫోన్ల నవ్వుకుంట కూసుంటె దాన్ని కొలువంటరా?" అంటూ మా అత్తమ్మ శివమ్మ గోకరకాయల చాటను నా ఒళ్లో పెట్టింది. "చేతులు ఖాళీగనే ఉంటయి గద. మాట్లాడుకుంటనే తొడిమలు గిల్లు."

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. నా చేతులు ఖాళీగానే ఉంటాయి. ఫోను కెమెరా నన్ను మెడ దాకే చూపిస్తుంది. అందుకని రోజూ పొద్దున తొమ్మిది ముప్పావు నుంచి పది ముప్పావు దాకా నేను మెడ పైన టీచర్ని, మెడ కింద కోడల్ని. పైన నున్నగా దువ్విన జుట్టు, చెవులకు కమ్మలు, ఒక నవ్వు. కింద నైటీ, చాట, గిల్లిన తొడిమలు. బియ్యం బస్తాకీ వాషింగ్ మెషీన్‌కీ మధ్య ఒక ప్లాస్టిక్ కుర్చీ పట్టేంత చోటుంది. మెషీన్ మీద ఫోను నిలబెట్టుకుంటే అదే నా తరగతి గది.

అవతల లిన్ ఉంటుంది. చైనాలో ఎక్కడో నర్సింగ్ చదువుతున్న ఇరవై ఒక్కేళ్ల పిల్ల. అక్కడి కాలేజీ పిల్లలు రాసే ఇంగ్లీషు పరీక్ష ఒకటుంది. రాసేది జూన్‌లో, మాట్లాడేది మే నెలలో. మాట్లాడే పరీక్షలో కంప్యూటర్ల ముందు ఇద్దరిని జత కడతారు. ఒకరు ఎ, ఇంకొకరు బి. తెర మీద ఒక ప్రశ్న వస్తుంది. ఆలోచించుకోవడానికి నలభై అయిదు సెకన్లు, మాట్లాడటానికి ఒక నిమిషం. నిమిషం కాగానే మైకు ఆగిపోతుంది, మాట ఎక్కడుంటే అక్కడే. నేను పనిచేసే ఆన్‌లైన్ సంస్థ నన్ను పెట్టుకున్నది ఆ 'బి' కోసమే. లిన్ ముందు మాట్లాడుతుంది, తర్వాత అదే ప్రశ్నకు నేను మాట్లాడి చూపిస్తాను. ఆర్నెల్లుగా ఇదే పని.

మాకు తొమ్మిది ముప్పావు అయితే వాళ్లకు మధ్యాహ్నం పన్నెండుంపావు. తిన్నాక హాస్టల్లో అందరూ కాసేపు పడుకుంటారట. రూములో మాట్లాడితే వాళ్లకు నిద్రాభంగమని లిన్ మెట్ల మీద దిండు వేసుకుని కూర్చుంటుంది. మొదటిరోజు ఆ మెట్లు చూసి, నా బియ్యం బస్తా చూసుకుని నవ్వొచ్చింది. ఇద్దరం ఎవరికీ అడ్డం రాని మూల వెతుక్కున్నవాళ్లమే.

నా ఇంగ్లీషు ఊరికే రాలేదు. పెళ్లికి ముందు రెండేళ్లు ఎయిర్‌పోర్టులో ప్రయాణికులకు సమాచారం చెప్పే కౌంటర్లో నిలబడ్డాను. మహేశ్వరం నుంచి బస్సులో వచ్చి, ఏయే దేశాల వాళ్లకో ఇటు వెళ్లండి, అటు వెళ్లండి అని చెప్పేదాన్ని. వీరేందర్ సంబంధం వచ్చినప్పుడు మా నాన్న బుచ్చయ్య తెగ సంబరపడ్డాడు. "పిల్లగాడు గూడ ఎయిర్‌పోర్టులనే, కార్గోల. ఇల్లు శంషాబాద్ల. నీ డ్యూటీకి పది నిమిషాలు బిడ్డా" అన్నాడు. పెళ్లయి ఎయిర్‌పోర్టుకు దగ్గరయ్యాను, ఉద్యోగానికి దూరమయ్యాను. పాప పుట్టాక "ఇగ ఇంట్ల ఎవరుంటరు?" అన్న ప్రశ్న వచ్చింది. అది ప్రశ్న కాదని నాకు అర్థమయ్యేసరికి నా కౌంటర్లో ఇంకొకమ్మాయి నిలబడింది. ఇప్పుడు మా డాబా మీద బట్టలు ఆరేస్తుంటే విమానాలు పొట్టలు కనిపించేంత కిందుగా పోతాయి. మొదట్లో లెక్కపెట్టేదాన్ని, తర్వాత మానేశాను.

తొమ్మిదేళ్లుగా ఈ ఇంట్లో నా వాక్యం ఒక్కటీ చివరిదాకా పోలేదు. నేనేదైనా మొదలుపెడితే వీరేందర్ "అసల్ సంగతి చెప్పు" అంటాడు. అసలు సంగతికి రాబోతే "గిది నాకు తెల్వదా" అంటాడు. అలాంటి నాకు, రోజుకు పది పదిహేను సార్లు, ఎవరూ మధ్యలో అడ్డురాని నిమిషం దొరికింది. ఎదురుగా ఒక పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని, నా మాట నోట్‌బుక్కులో రాసుకుంటూ వింటుంది. ఆ సుఖం ఎలాంటిదో చెబితే నవ్వుతారు. నాకు మాత్రం ఏడుపొచ్చేది.

మొదటి ప్రశ్న ఇంకా గుర్తుంది. మీ కుటుంబం ఆదివారం ఎలా గడుపుతుంది? నలభై అయిదు సెకన్లలో నా ఆదివారం మొత్తం కళ్ల ముందు తిరిగింది. వీరేందర్ స్నేహితులు, మటన్ కూర, వాళ్లకు జొన్నరొట్టెలు, వాళ్లు తిన్న పళ్లాలు, అందరి తర్వాత గ్యాస్ గట్టు దగ్గర నిలబడి నేను తినే అడుగు అన్నం. ఇంగ్లీషు రాక కాదు, మొహం చెల్లక చెప్పలేకపోయాను. చెప్పింది వేరే. ఆదివారం మా ఆయన చాయ్ పెడతాడు. అల్లం ఎక్కువ వేస్తాడు, అది తప్ప ఆయనలో నాకు ఫిర్యాదు లేదు. ఇద్దరం బాల్కనీలో కూర్చుని విమానాలు చూస్తాం. ఏ విమానం ఏ ఊరికో నేను చెబుతాను, ఆయన వింటాడు. మా అత్తగారు నన్ను కూర్చోబెట్టి అన్నం వడ్డిస్తారు. సరిగ్గా నిమిషానికి ముగించాను. లిన్ చప్పట్లు కొట్టింది. అప్పుడే వంటింట్లో కుక్కర్ కూత వేసింది. ఆ శబ్దమేమిటి అని అడిగితే దగ్గర్లో రైలు స్టేషన్ ఉందన్నాను.

తర్వాత అలవాటైపోయింది. ఏ ప్రశ్న వచ్చినా ఆ ఇంటికే వెళ్లేదాన్ని. అబద్ధమని కూడా అనిపించేది కాదు. ఆ బాల్కనీలో పూలకుండీలు పెట్టాను. ఆయనకు మంచి గొంతు పెట్టాను. పెళ్లయ్యాక ఉద్యోగం నా ఇష్టంతోనే హాయిగా వదిలేశానని చెప్పాను.

నిన్న గురువారం, అన్నం తింటూ వీరేందర్ అన్నాడు. "జూన్ల అమ్మకు మోకాళ్ల ఆపరేషన్ ఉన్నది. ఇగ గా చైనా క్లాసులు బంద్ జెయ్యి. చైనోళ్ల పోరికి ఇంగ్లీషొస్తె మన ఇంట్ల ఎవ్వరికి లాభం?"

"ఆపరేషన్‌కు నేను చూసుకుంట. కని గా ఒక్క గంట..."

"అసల్ సంగతి అదే గద. గంటలు యాడున్నయ్ ఇగ?"

అత్తమ్మ తలెత్తలేదు. మోకాలు పట్టుకుని లేచి, పళ్లెం తీసుకెళ్లింది. సంస్థ నుంచి పూర్ణిమ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసింది. డిసెంబర్ పరీక్ష పిల్లలు వస్తున్నారు, అదే గంట మీకే ఉంచుతాను, శుక్రవారం మధ్యాహ్నంలోగా అవునో కాదో చెప్పండి, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాను అంది. కాదని చెప్పడానికి ఏ మాటలు వాడాలా అని రాత్రంతా ఆలోచించాను.

ఈ రోజు శుక్రవారం. రేపే లిన్ పరీక్ష. ఇదే మా చివరి సాధన. వీరేందర్‌కు ఈ వారం సాయంత్రం డ్యూటీ కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు. పాప వేసవి సెలవులకు మహేశ్వరంలో మా నాన్న దగ్గరుంది. గోకరకాయల చాట ఒళ్లో ఉంది. తెర మీద ప్రశ్న వచ్చింది. సంతోషంగా ఉండే ఒక కుటుంబం గురించి చెప్పండి.

లిన్ ఆలోచించుకోను కూడా లేదు. కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. ఆదివారం భర్త చాయ్ పెడతాడు. అల్లం ఎక్కువ వేస్తాడు, అది తప్ప ఆయనలో భార్యకు ఫిర్యాదు లేదు. ఇద్దరూ బాల్కనీలో కూర్చుంటారు. ఏ విమానం ఏ ఊరికో ఆమె చెబుతుంది, ఆయన వింటాడు. నేను ఆగిన చోట ఆగింది, నేను నవ్విన చోట నవ్వింది. ఒక్క ముక్క కూడా పోలేదు. నా చెంప మీద ఎవరో కొట్టినట్టయింది.

"కంఠతా పట్టావా?" అన్నాను.

"అందరం అలాగే చదువుతాం టీచర్. మంచి జవాబు దొరికితే మొత్తం నోటికి పట్టేస్తాం. మా రూములో ఆరుగురం. ఆరుగురికీ మీ జవాబు వచ్చు. ఆయనకు పేరు కూడా పెట్టాం. చాయ్ పెట్టే మొగుడు." లిన్ నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "మీకొక సంగతి చెప్పాలి. నాకు పెద్ద ఆసుపత్రిలో ట్రైనింగ్ సీటు వచ్చింది. నా స్నేహితుడు అదంతా ఎందుకు, పెళ్లి చేసుకుని మా ఊరు వచ్చెయ్, నిన్ను నేను చూసుకుంటాను అంటున్నాడు. మా అమ్మ తొందరపడొద్దంది. అమ్మకు మీ గురించి చెప్పాను. మా టీచర్ కూడా పెళ్లి చేసుకుని ఉద్యోగం వదిలింది, ఎంత హాయిగా ఉందో చూడు అన్నాను. సోమవారం సీటు వద్దని రాసిచ్చేస్తున్నాను. మీరు చెప్పకపోతే నాకు అంత ధైర్యం వచ్చేది కాదు."

ఇప్పుడు నా వంతు. తెర మీద నలభై అయిదు నుంచి అంకెలు తగ్గుతున్నాయి. ఛార్జర్ కోసమని వీరేందర్ గుమ్మం దగ్గరికి వచ్చాడు. అతనికి ఇంగ్లీషు బాగానే అర్థమవుతుంది, కార్గోలో రోజూ అదే. ముప్పై. చెబితే ఇతను వింటాడు. ఈ గంట పోవడమే కాదు, నెలల తరబడి దెప్పుతాడు. ఇరవై. చెప్పకపోతే సోమవారం ఆ పిల్ల ఒక కాగితం మీద సంతకం పెడుతుంది. లేని బాల్కనీని చూసి, లేని మొగుణ్ని చూసి. పది. ఎంత సిగ్గేసిందో చెప్పలేను. అబద్ధమాడినందుకు కాదు, ఆ అబద్ధం మీద అంత ఆశ పెట్టుకున్నందుకు.

"నా భర్త చాయ్ పెట్టడు," అన్నాను ఇంగ్లీషులో. "తొమ్మిదేళ్లలో చక్కెర డబ్బా ఎక్కడుందో ఆయనకు తెలియదు. మా ఇంటికి బాల్కనీ లేదు. నేను బియ్యం బస్తా పక్కన కూర్చుని ఉన్నాను. నీతో మాట్లాడుతూ కింద కూరగాయలు గిల్లుతున్నాను, ఖాళీగా ఉన్నానని ఎవరూ అనకుండా. నువ్వు విన్నది రైలు కాదు, కుక్కర్. నన్నెవరూ కూర్చోబెట్టి వడ్డించరు, అందరూ తిన్నాక నిలబడి తింటాను. ఎవరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఎవరూ అడగలేదు, అంతే. ఒకప్పుడు ఎయిర్‌పోర్టులో అందరికీ దారి చెప్పేదాన్ని. ఆ ఉద్యోగం హాయిగా వదల్లేదు, ఏడుస్తూ వదిలాను. ఏడ్చిన సంగతి కూడా ఎవరికీ తెలియదు. నేను సంతోషంగా ఉండేది ఎప్పుడంటే..."

నిమిషం అయిపోయింది. బీప్ మని మోగి తెర మీద అంకెలు ఆగిపోయాయి. నేనూ ఆగిపోయాను, అలవాటు ప్రకారం.

"టీచర్," అంది లిన్. ఆమె మొహం పాలిపోయి ఉంది. "మాట పూర్తి చెయ్యండి. నేను ఆపను."

తొమ్మిదేళ్లలో నాతో ఆ మాట అన్న మొదటి మనిషి ఆ పిల్లే. కళ్లల్లో నీళ్లు ఆగలేదు. "ఈ గంటలో," అన్నాను. "రోజంతటిలో ఈ ఒక్క గంట."

మెట్ల మీద ఎవరో దిగుతుంటే లిన్ దిండు పక్కకు జరుపుకుని దారి ఇచ్చింది. తర్వాత చిన్నగా అడిగింది. "రేపు నాకు ఇదే ప్రశ్న వస్తే ఏం చెప్పను?"

"నీకు ఎలాంటి ఇల్లు కావాలో అది చెప్పు. తడబడినా సరే నీ మాటలే చెప్పు. సోమవారం కూడా అంతే. నా జవాబు చూసి సంతకం పెట్టకు."

తలూపింది. సీటు వద్దంటుందో, ఉంచుకుంటుందో నాకు తెలియదు. ఫోను పెట్టేశాను.

వీరేందర్ ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. నిలబడి తినడం గురించో, ఏడుస్తూ వదిలిన ఉద్యోగం గురించో ఒక్క మాట అంటాడేమో అనుకున్నాను. ఆశ అంత తొందరగా చావదు.

"నేను చాయ్ పెట్టనని చైనా దాంక చెప్పాల్నా?" అన్నాడు. "పరువు తీసినవ్ గద."

అంతే. విన్న నిమిషంలో అతనికి దొరికింది అదొక్కటే. ఏడుపు అక్కడికక్కడే ఎండిపోయింది.

"డిసెంబర్ క్లాసులు ఒప్పుకుంటున్న," అన్నాను. "అత్తమ్మ దవాఖానల ఉన్నన్ని దినాలు పొద్దుగాల తొమ్మిదిన్నర సంది పదకొండు దాంక నువ్వు కూసోవాలె. ఇంటికొచ్చినంక గూడ అంతే. మిగిలిన ఇరవై రెండున్నర గంటలు నేను జూస్త."

"గదెట్ల..."

"నా మాట ఇంక అయిపోలే. తొమ్మిదేండ్లసంది చక్కెర డబ్బా పై అరలనే ఉంటది, ఎడమ దిక్కు. తెలుసుకో."

అతను ఛార్జర్ తీసుకుని వెళ్లిపోయాడు. తలుపు కొంచెం గట్టిగానే వేశాడు. నేను పూర్ణిమకు 'అవును' అని రాసి పంపాను. గెలిచినట్టేమీ లేదు. ఇన్నాళ్లూ పోయి కూర్చునే ఆ బాల్కనీ ఇక లేదని మాత్రం తెలుస్తోంది.

కుంటుకుంటూ అత్తమ్మ వచ్చి బియ్యం బస్తా మీద కూర్చుంది. చాటలోంచి గుప్పెడు కాయలు తీసుకుని గిల్లడం మొదలుపెట్టింది. "ఏమంటున్నదిరా అంటె వాడు చెప్తలేడు. ఏమన్నవే ఇంగ్లీషుల?"

దాచాలనిపించలేదు. మొత్తం చెప్పాను, తెలుగులో, ఆమె వడ్డించని అన్నంతో సహా. తిడుతుందనుకున్నాను. ఆమె గిల్లుతూనే ఉంది. నా మాట పూర్తయ్యేదాకా ఎక్కడా అడ్డు రాలేదు. పైనుంచి ఒక విమానం పోయింది. అది పోయేదాకా ఆగింది.

"నేను గూడ నిలవడే తిన్న," అంది, కాయల వైపే చూస్తూ. "నలభై ఏండ్లు. మోకాళ్లు ఊకెనె పోయినయా?" ఇంకో కాయ విరిచింది. "నీకు నయం బిడ్డా. చెప్పుకోను చైనా పోరి దొరికింది. నాకు ఈ శంషాబాద్ల ఒక్కరు దొరకలే."